గంజాయి దుకాణములకు అనుమతి యొసగవలయునా?

మత్తుపదార్థములను గూర్చి పాఠశాల సంచికలలో వ్రాయువారు సాధారణముగా వాని కీడులను వరుసగా లెక్కించి, పిల్లలను హెచ్చరించి, అంతటితో విరమింతురు. ఆ హెచ్చరికలు అవసరములే. వానిని నేను తక్కువ చేయను. కాని మన పై తరగతుల విద్యార్థులు ఈ మధ్య అడుగుచున్న ప్రశ్నకు వానిలో సమాధానము దొరకదు. "సార్! గంజాయి చెడ్డదని ఒప్పుకొందుము. బ్రాంది చెడ్డది కాదా? ఒకదానికి సర్కారువారే లైసెన్సు ఇచ్చి దుకాణము తెఱపింతురు. రెండవది జేబులో దొరికినవానిని చెఱసాలకు పంపుదురు. కెనడాలో అంగడి పెట్టి అమ్ముచుండగా ఇక్కడ ఏల కూడదు?" అని వారు అడుగుదురు. అడుగువారు తెలివిగల బాలురు. సెల్‌ఫోనులో లోకవార్తలు చదువువారు. వారిని కసరి కూర్చుండబెట్టినయెడల నోరు మూసికొందురు గాని, మనస్సులోని ప్రశ్న మూతపడదు. కావున వారికిని, వారి తల్లిదండ్రులకును, నా తోడి ఉపాధ్యాయులకును నాకు తోచిన సమాధానము వ్రాయుచున్నాను.

మొదట చట్టము సంగతి. మనలో పెక్కురు గంజాయి అనాదినుండి నిషిద్ధమని తలంతురు. అది నిజము కాదు. ఆంగ్లేయుల పరిపాలనలో గంజాయి, భంగు, నల్లమందు అబ్కారీ శాఖవారి లైసెన్సుతో అమ్మబడుచుండెను. 1893వ సంవత్సరమున ఇంగ్లండు పార్లమెంటులో ఈ విషయమై ప్రశ్న రాగా, ప్రభుత్వమువారొక విచారణసంఘమును నియమించిరి. ఆ సంఘమువారు దేశము నలుమూలల తిరిగి 1,193 మంది సాక్షుల వాఙ్మూలములను సేకరించి, 1894లో ఏడు సంపుటములుగా నివేదిక సమర్పించిరి. మితముగా వాడువానికి దీనివలన చెప్పదగిన హాని లేదనియు, అమితముగా వాడువానికి కీడు తప్పదనియు, పూర్తిగా నిషేధించుట అవసరమును కాదు, ఉచితమును కాదనియు, పంటను అదుపులో నుంచి పన్ను వేయుట మేలనియు వారు తేల్చిరి. ఈ నివేదిక నేటికిని అనుమతివాదులకు మంచి ఆయుధము. తరువాత 1961లో దేశదేశములవారు చేసికొన్న ఒడంబడికలో మన దేశమును చేరెను. గంజాయిని మాన్పుటకు 25 ఏండ్ల గడువుండెను. ఆ గడువు ముగియవచ్చిన కాలమున 1985లో ఇప్పటి చట్టము పుట్టెను. అది అమలులోనికి వచ్చిన దినము నవంబరు 14, బాలల దినోత్సవము. ఇది యాదృచ్ఛికమే కావచ్చును.

ఆ చట్టము గంజాయిమొక్క పూతను, జిగురును నిషేధించినది గాని, పూత లేని ఆకును నిర్వచనములో చేర్చలేదు. అందుచేతనే ఉత్తరదేశమున కొన్ని రాష్ట్రములలో భంగు దుకాణములు లైసెన్సుతో నడచుచున్నవి. ఒకే మొక్క, ఆకు అంగడిలో, పూత నేరములో! బాలుర నవ్వునకు కొంత కారణము లేకపోలేదు. ఇక శిక్షలు: గంజాయి త్రాగుట ఋజువైనచో ఆఱు నెలలవఱకు ఖైదు, లేక 10,000 రూపాయలవఱకు జరిమానా, లేక రెండును. కిలో వఱకు కలిగియుండుట 'స్వల్ప పరిమాణము'. దానికి ఏడాదివఱకు కఠినశిక్ష పడవచ్చును. 20 కిలోలు మించినచో 10 ఏండ్లకు తక్కువ కాకుండ 20 ఏండ్లవఱకు శిక్షయు, లక్షకు తక్కువ కాని జరిమానాయు కలవు. అట్టి కేసులలో బెయిలు దొరకుటయు బహు దుర్లభము.

అనుమతివాదుల తర్కమును దాని పూర్ణబలముతోనే చెప్పవలయును. బలహీనపఱచి గెలుచుట వాదము కాదు. వారు చెప్పునది యేమనగా: నిషేధించినను వాడుక ఆగలేదు. చాటున జరుగు వ్యాపారమునకు తూనిక లేదు, పరీక్ష లేదు, కొనువాని వయస్సు అడుగు నాథుడు లేడు. లాభమంతయు దొంగవర్తకునిది, శిక్షయంతయు పేదవానిది. పోలీసువారి కాలమును న్యాయస్థానముల కాలమును వ్యర్థము. బహిరంగముగా అమ్మించి, పన్ను వేసి, ఆ ధనముతో వైద్యశాలలు కట్టింపుడు. ఉరుగ్వే దేశము 2013లోను, కెనడా 2018 అక్టోబరులోను ఈ మార్గము పట్టినవి. జర్మనీ 2024లో పెద్దలు తమ కొఱకు కొంత పెంచుకొనుటకు, కలిగియుండుటకు అనుమతించినది. ఐక్యరాజ్యసమితి సంఘములో 2020 డిసెంబరున గంజాయిని మిక్కిలి ప్రమాదకరములైన వాని పట్టికనుండి తొలగించుటకు ఓటు జరుగగా, మన భారతదేశమును ఆ పక్షముననే ఓటు వేసినది.

ఈ తర్కములో నిజము చాల గలదు. అయినను ఇది ఒక ప్రశ్నను దాటవేయుచున్నది. అంగడి తెఱచిన తరువాత ఆ అంగడి ఎవరి చేతిలో నుండును? ఎవరికి దానివలన లాభము? లాభము రుచిమరగినవాడు దానిని మితముగా నుంచునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు కెనడా పోనక్కఱలేదు. మన కర్నూలు చాలును.

1937లో రాజగోపాలాచారిగారు మదరాసు రాష్ట్ర ప్రధానియై సేలము జిల్లాలో మద్యనిషేధ మారంభించిరి. మరుసటి ఏడు అక్టోబరులో మన పొరుగుననున్న కడప, చిత్తూరు జిల్లాలకు దానిని విస్తరింపజేసిరి. మన కర్నూలు ఆ మొదటి అడుగులలో చేరలేదు. ఇక్కడ విద్యార్థులు గమనింపదగిన సంగతి యొకటి యున్నది. కల్లు సారాయముల రాబడి పోయిన పిదప ఖజానా లోటు పూడ్చుటకు రాజాజీగారు 1939లో అమ్మకపు పన్నును ప్రవేశపెట్టిరి. వర్తకులు గొల్లుమనిరి. కాని ఆయన లెక్క సరియైనది: ఒక రాబడి వదలుకొనదలచినవాడు మఱియొక రాబడి చూచుకొనియే వదలుకొనవలయును. తరువాతివారు ఈ పాఠమును మఱచిరి.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు 1948లో నిషేధము మదరాసు రాష్ట్రమంతటను వ్యాపించెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి, కర్నూలు రాజధాని యైనప్పుడు ఆ చట్టమును మనకు వారసత్వముగా వచ్చెను. కాని ఊరూర దొంగసారా కాగుచుండెను. ఈతచెట్టును తాటిచెట్టును నమ్ముకొని తరతరములుగా బ్రదికిన గీతపనివారు కూడు లేక, చెట్టెక్కిన నేరమునకు కేసులపాలై, అలమటించుచుండిరి. గౌతు లచ్చన్నగారు వారి పక్షమున సత్యాగ్రహము నడిపిరి. నిషేధము సంగతి విచారించుటకు సర్ ఎస్.వి. రామమూర్తిగారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము నిషేధమును ఎత్తివేయుడని సిఫారసు చేసెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము దాని నంగీకరింపలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానము వచ్చి ఒక్క ఓటు తేడాతో నెగ్గెను; మంత్రివర్గము కూలెను. ఓర్వకల్లునుండి బస్సున గంటలోపు చేరగల ఊరిలో, కల్లు ప్రశ్నమీద ఒక రాష్ట్ర ప్రభుత్వము పడిపోయినదన్నమాట మన పిల్లలలో ఎందఱు విని యుందురు? చరిత్ర పాఠములో పానిపట్టు యుద్ధము వచ్చును గాని ఇది రాదు.

ఈ కథలో ఇరుపక్షముల తప్పును ఒప్పును గలవు. నిషేధించినవారి ఉద్దేశము మంచిది. కాని శిక్ష పడినది అమ్మి మేడ కట్టినవానికి కాదు; చెట్టెక్కి దిగి కాళ్లు కాయలు కాచినవానికి. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొనవలయును. గంజాయిని గూర్చి చెప్పునప్పుడు మఱల దీనియొద్దకే వచ్చెదను.

1960వ దశకము చివరకు ఆంధ్రప్రాంతమున నిషేధము సడలిపోయెను. అటుపిమ్మట జరిగినది అనుమతివాదులు శ్రద్ధగా చదువవలసిన భాగము. ఏలయనగా అప్పుడు వారు కోరినదంతయు జరిగెను: లైసెన్సు, వేలము, పన్ను, ప్రభుత్వపు అజమాయిషీ. రాష్ట్రమునకు అబ్కారీ రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి 812 కోట్లు దాటెను. 1980వ దశకమున ప్రభుత్వము సారాను ప్యాకెట్లలో నింపించి, వారుణివాహిని అను ముచ్చటైన పేరుతో పల్లెపల్లెకు చేర్పించెను. మంచినీటి కుళాయి చేరని గూడెములకు సారా ప్యాకెట్టు చేరెను. అజమాయిషీ చేయవలసినవాడే అమ్మకపుదారు డయ్యెను. అమ్మకము పెరుగుటయే అధికారికి మెప్పు తెచ్చునది యయ్యెను. మితముగా వాడింపవలె నను మాట ఎవరి నోటను రాలేదు.

మా సంఘస్థులలో కొందఱు కానా పెండ్లిని జ్ఞాపకము చేసి, ద్రాక్షారసము నిషిద్ధము కాదు గదా యని నన్ను నిరుత్తరుని జేయజూతురు. ఆ పెండ్లిలో లైసెన్సు వేలము జరుగలేదని మాత్రము నేను చెప్పుదును.

ఈ ప్రవాహమునకు అడ్డుకట్ట వేసినవారు శాసనసభ్యులు కారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమపు రాత్రిబడికి వచ్చిన కూలి స్త్రీలు. వారు అక్షరములతోపాటు తమ యింటి లెక్కయు చదువుకొనిరి. చదువుకొని సారా అంగడిమీదికి నడచిరి. 1992లో ఆ ఉద్యమము జిల్లాలు దాటి వ్యాపించెను. 1993 అక్టోబరు 1న మన కర్నూలు జిల్లావారైన కోట్ల విజయభాస్కరరెడ్డిగారి ప్రభుత్వము సారాను రాష్ట్రమంతట నిషేధించెను. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము తెచ్చెను. ఉపాధ్యాయుడనైన నాకు ఈ ఉద్యమము రాత్రిబడిలో పుట్టుట కొంత గర్వమును కలిగించుచున్నది. పాఠకులు క్షమింతురు గాక. కాని ఖజానా లోటు పూడ్చు ఉపాయము ముందుగా నాలోచింపబడలేదు. బస్సు చార్జీలు, కరెంటు చార్జీలు పెరిగెను. ఎల్లలు దాటి దొంగసరకు వచ్చెను. 1997లో నిషేధము ఎత్తివేయబడెను. తరువాత బెల్టు షాపులను గూర్చి మన మండలమువారికి నేను చెప్పనక్కఱలేదు.

ఇంకను ఇటీవలి కథ. 2019లో దశలవారీ నిషేధము వాగ్దానము చేసిన ప్రభుత్వము దుకాణములను తన చేతిలోనికి దీసికొని, 4,380గా నున్నవానిని 3,500కు తగ్గించెను, ధరలు పెంచెను. అది మంచి ఆరంభమే. కాని 2022లో ఆ ప్రభుత్వపు మద్యసంస్థయే రాబోవు మద్యపు రాబడిని చూపి 8,305 కోట్ల రూపాయల అప్పు తెచ్చెను. మాన్పింతునన్న వ్యాపారము రాబోవు ఏండ్లలోను సాగునన్న నమ్మకము లేనిదే అట్టి అప్పు ఎవరిత్తురు? 2024లో మఱియొక ప్రభుత్వము వచ్చి, 3,396 దుకాణములను లాటరీ వేసి ప్రయివేటువారికిచ్చెను. 89,882 దరఖాస్తులు వచ్చెను. దరఖాస్తు ఒకటికి తిరిగి ఇయ్యని రుసుము 2 లక్షలు. ఒక్క సీసా అమ్ముడుపోకమునుపే ఖజానాకు దాదాపు 1,798 కోట్లు చేరెను. 99 రూపాయలకు క్వార్టరు అన్నది నాటి కొత్త విధానపు ఆకర్షణ. ఏ పార్టీవారు ఏమి చేసిరన్నది నాకు ముఖ్యము కాదు. మద్యమును ద్వేషించువాడు వచ్చినను, సహించువాడు వచ్చినను, ఖజానా మాత్రము ఒకే తీరున దానిని ప్రేమించినదన్నదే నేను చూపదలచినది.

ఎనిమిదవ తరగతి బాలుడైనను చేయగల లెక్క యొకటి. దినమునకు 99 రూపాయల క్వార్టరు ఒక్కటి త్రాగువాడు నెలకు 2,970 రూపాయలు, ఏడాదికి 36,135 రూపాయలు పోగొట్టుకొనును. 2024-25లో మన రాష్ట్రమున ఉపాధిహామీ దినకూలి 300 రూపాయలు. అనగా మూడవవంతు కూలి సీసాలోనికే పోవును. మన ఓర్వకల్లు పొదుపుసంఘములు దేశమంతట పేరుపొందినవి; వారానికింత యని కూడబెట్టి, పిల్లల చదువులకు, గేదెలకు, అంగళ్లకు అప్పులిచ్చుకొని లేచిన స్త్రీలు మన మధ్య నున్నారు. వారి పాసుపుస్తకములలో ఏమి యున్నదో, ఏమి లేకపోయినదో ఈ లెక్కతో పోల్చి చూచుకొనవచ్చును.

ఇప్పుడు గంజాయికి వత్తును. అనుమతివాదుల పెద్ద వాదము, "మద్యము నమ్మనిచ్చి గంజాయిని ఏల ఆపుదురు?" అని గదా. నేను దానిని తిరగవేసి చదువుదును. మద్యమును అమ్మనిచ్చి ఏమైనదో చూచితిమి కనుకనే రెండవ అంగడి వలదనుచున్నాను. 2019లో ప్రకటింపబడిన అఖిలభారత లెక్కలో 10 ఏండ్లనుండి 75 ఏండ్లలోపు వారిలో మద్యము త్రాగువారు నూటికి 14.6 మంది, సుమారు 16 కోట్లు. భంగు, గంజాయి, చరసు వాడువారు నూటికి 2.8 మంది, సుమారు 3 కోట్ల 10 లక్షలు. ఐదింతల భేదము. ఇదంతయు చట్టము చేసిన భేదమని నే ననను. ఆచారమునకును అందు భాగము గలదు. కాని ప్రతి మలుపున దుకాణము వెలుగుచుండుటకును, వెదకి చాటుగా కొనవలసివచ్చుటకును వాడుకలో భేద ముండదని యెవరు నమ్ముదురు?

1894 నాటి నివేదిక చెప్పిన గంజాయియు నేటి అంగళ్ల సరకును ఒకటి కావు. అమెరికా, కెనడా దుకాణములలో మొక్కనుండి తీసిన సారమును అమ్ముచున్నారు. పూర్వులు చిలుములో త్రాగిన దానికంటె అది ఎన్నో రెట్లు బలమైనది. ఇది వ్యాపారధర్మము. ఏ మత్తు వ్యాపారమైనను పండుగకొకసారి వాడువానివలన బ్రదుకదు. నిత్యము వాడువానివలననే బ్రదుకును. కావున వాని సంఖ్యను పెంచుటయే దాని పని. మనుష్యుని మెదడు ఇరువది దాటిన కొన్ని యేండ్లవఱకును ఎదుగుచుండునని వైద్యులు చెప్పుదురు. చిన్ననాటనే మొదలిడి నిత్యము గంజాయి త్రాగువారిలో మతిభ్రమణము కలుగుట ఇతరులకంటె హెచ్చని పరిశోధనలు చూపుచున్నవి. ఇక తెఱచిన అంగడిని మూయుట ఎంత కష్టమో థాయిలాండువారి నడిగిన చెప్పుదురు. వారు 2022 జూనులో గంజాయిని నిషిద్ధముల పట్టికనుండి తీసివేసిరి. వీధివీధిని వేలకొలది అంగళ్లు మొలచెను. మూడేండ్లలో, 2025 జూనులో, వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని మఱల కట్టడి చేయవలసివచ్చెను. ఈలోపల అంగడికి పెట్టుబడి పెట్టినవాడు ఊరకుండునా?

కావున అంగళ్లకు అనుమతి వలదని నా అభిప్రాయము. ఇంతవఱకు చదివి సంతోషించిన పెద్దలు ఇకమీద చెప్పబోవుదానికి కొంచెము నొచ్చుకొందురేమో. అంగడి వలదన్న నోటితోనే, త్రాగిన పిల్లవానిని చెఱసాలకు పంపవలదని చెప్పుచున్నాను.

1954 నాటి గీతపనివానిని జ్ఞాపకము చేసికొనుడు. నేడు వాని స్థానమున నున్నవారెవరు? విశాఖ మన్యమున, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కొండవాలున గంజాయి వేయు గిరిజనుడు ఒకడు. పైనుండి పెట్టుబడి పెట్టువాడు, సరకు కొనువాడు పట్నములలో నుందురు. కేసు మాత్రము కొండవానిమీద. అక్కడ పండు ఒక రకమునకు 'శీలావతి' యని పేరట! పతివ్రత పేరు పెట్టుటకు ఎవనికి బుద్ధి పుట్టెనో తెలియదు. 2021-22లో ఆపరేషన్ పరివర్తన అను పేరుతో పోలీసువారు 7,000 ఎకరములకు మించి తోటలు నరికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి. చేయదగిన పనియే. కాని ఆ కొండవానికి కాఫీ, పసుపు, రాజ్మా మొక్కలను విత్తనములను ఇచ్చి, పంటకు ధర చూపనియెడల మరుసటి వానకు మఱల అదే పంట మొలచును. నరకుటకన్న నాటించుట కష్టము. రెండవవాడు సరకు మోయు కుఱ్ఱవాడు. కొన్నివేల రూపాయలాశించి సంచి చేతబట్టుకొని రైలో లారీయో యెక్కినవాడు. 20 కిలోలు దాటెనా, వాని యౌవనమంతయు జైలులోనే. సంచి యిచ్చినవాని పేరు వానికే తెలియదు. మూడవవాడు త్రాగినవాడు.

ఈ మూడవవాని విషయములో పోర్చుగల్ దేశమువారు చేసినది నాకు నచ్చినది. 2001 నుండి అక్కడ పది దినములకు సరిపడునంతలోపు మత్తుపదార్థము తన వాడుకకై ఉంచుకొన్నవానిని నేరస్థునిగా చూడరు. న్యాయము, వైద్యము, సమాజసేవ తెలిసినవారుండు ఒక చిన్న సంఘము ముందర నిలువబెట్టి, అవసరమైనచో చికిత్సకు పంపుదురు. అమ్మువానికి మాత్రము శిక్ష తప్పదు. అంగడి లేదు; చెఱసాలయు లేదు. రెండింటి నడుమ ఒక దారి యున్నదని వారు చూపిరి.

మన చట్టములోనే అట్టి చిన్న ద్వార మొకటి యున్నదని మన తల్లిదండ్రులలో నూటికి ఒక్కరికైన తెలియునా? 64-ఏ అను సెక్షను ప్రకారము, వ్యసనపడినవాడు త్రాగిన నేరముననో, స్వల్ప పరిమాణము దొరకిన కేసుననో చిక్కినప్పుడు, తనంతట తాను ప్రభుత్వము గుర్తించిన చికిత్సాలయమున చేరి చికిత్స పూర్తిచేసినచో విచారణనుండి విముక్తి పొందవచ్చును. నడుమ మానివేసినచో ఆ రక్షణ పోవును. తెలియకపోవుటచేత తల్లిదండ్రులు పరువునకు జంకి పిల్లవానిని ఇంట కట్టివేయుటయో, దూరపు బంధువుల యింటికి పంపుటయో చేయుచున్నారు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్యవిభాగ మున్నది. 2024లో రాష్ట్రప్రభుత్వము నెలకొల్పిన ఈగల్ విభాగమువారు ఫిర్యాదులకును సలహాలకును 1972 అను ఫోను నంబరును ప్రకటించిరి.

ఇక మన ఇంటి సంగతి. సర్కారువారు జైలుకు పంపుదురని విమర్శించుట సులభము; పాఠశాలలవారు చేయునది అంతకన్న భిన్నమా? నేనెఱిగిన ఒక పాఠశాలలో పదవ తరగతి బాలుడొకడు గంజాయి సిగరెట్టుతో పట్టుబడగా, మధ్యాహ్నము గంట కొట్టకమునుపే వాని చేతికి టీసీ ఇచ్చి పంపిరి. పాఠశాల పేరు చెడలేదు. వాడు పరీక్ష వ్రాయలేదు. మరుసటి ఏట వానికి తోడు దొరకినవారెవరో ఊహింపవచ్చును. పాఠశాల గేటు బయట వానిని చేరదీయుటకు సిద్ధముగా నుండువారు మనకంటె ఓర్పుగలవారు. తరువాత వాడు నాలుగు లేన్ల రోడ్డుమీద లారీ క్లీనరుగా కనబడెనని విన్నాను. చదువు చెప్పుటకు జీతము తీసికొనువారము, చదువు నిలుపుటయే మొదటి శిక్షగా ఎంచుకొనుట నాకు సమ్మతము కాదు.

కొందఱు తల్లిదండ్రులు, "ఒక కుళ్లిన పండు బుట్టనంతయు చెఱచును, మా పిల్లల సంగతి యేమి?" అని యడుగుదురు. భయము సహజము. తోటి పిల్లలకు అమ్మినవాని విషయము వేఱు. వానిని అమ్మకపుదారుగానే చూడవలయును, వానికి సరకిచ్చిన పెద్దవానిని పోలీసులకు పట్టియియ్యవలయును. కాని త్రాగినంతమాత్రమున పిల్లవాడు పండు కాడు; మఱల బాగుపడగలవాడు. మఱియు బుట్టలోనికి కుళ్లు గంజాయివలననే వచ్చునని యెవరు చెప్పిరి? పైన చెప్పిన 2019 నాటి లెక్కలోనే పెద్దలకంటె 10 నుండి 17 ఏండ్ల పిల్లలలో హెచ్చుగా కనబడిన మత్తు ఒక్కటే: వాసన చూచునది. పెద్దలలో నూటికి 0.58 కాగా పిల్లలలో 1.17. వైట్‌నరు, పంక్చరు సొల్యూషను, థిన్నరు. ఇవి గంజాయి చట్టము నిషేధింపని సరకులు. స్టేషనరీ అంగడిలో, సైకిలు షాపులో పది ఇరువది రూపాయలకు దొరకును. ఏ పోలీసువాడును వీనికై సంచులు వెదకడు. వీనిని కనిపెట్టగలవాడు పిల్లవాని కండ్లను, చేతివ్రాతను, మందకొడితనమును దినదినము చూచుచుండు తరగతి ఉపాధ్యాయు డొక్కడే. లేదా రాత్రి వాని చొక్కా ఉదుకునప్పుడు వాసన పసిగట్టు తల్లి.

కావున పాఠశాల కార్యనిర్వాహకవర్గమువారికి నా మనవి యిది. మత్తుపదార్థముతో మొదటిసారి పట్టుబడిన విద్యార్థికి టీసీ ఇయ్యరాదని నియమము చేయుడు. ఆ దినమే తల్లిదండ్రులను పిలిపించి, వారితోకూడ ఒక ఉపాధ్యాయుని కర్నూలు వైద్యశాలకు పంపుడు. బస్సు చార్జీలకు పేదవిద్యార్థుల నిధినుండి కొంత కేటాయింపుడు. చికిత్సాదినములకు హాజరు వేయుడు. స్టేషనరీ అంగళ్లవారితో పెద్దలు ఒకమారు పోయి మాటలాడుడు. పిల్లవాడు నెలలో నాలుగు వైట్‌నరు సీసాలు కొన్నచో బడికి కబురు పంపుటకు వారు సందేహింపరు, వారికిని పిల్లలున్నారు. తల్లిదండ్రుల సమావేశములో 64-ఏ సెక్షనును తెలుగున చదివి వినిపించు పని నేను చేయుదును. కార్యవర్గము ఈ విషయమును రాబోవు సమావేశమున చర్చకు పెట్టునెడల, పైన చెప్పిన ప్రశ్న నడిగిన పై తరగతి బాలురలో ఇద్దఱినైన ఆహూతులుగా పిలిచి వారి మాటయు వినవలయునని కోరుచున్నాను.